ఈజ్ మేడం

ఫోన్ ఎత్తగానే మేడం అద్దెకుండే ఇంటి ఓనరమ్మ, "మీ మేడం గారు..." అని ఆగిపోయారు. నేను వర్క్‌షాపులో ఉన్నాను. మిషన్ల చప్పుడులో మిగతా మాట వినబడలేదేమో అనుకుని బయటికొచ్చి, గోడ పక్కన నిలబడి, చెప్పండమ్మా అన్నాను. అవతల ఏడుపు ఆపుకుంటున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. సంగతి నాకు అర్థమైంది. అయినా ఆవిడ ఆ మాట చెబుతారేమోనని అలాగే ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.

పేరు చెప్పి ఊరుకుంటే వాక్యం కాదు. మా మేడం మొదటిరోజు క్లాసులో చెప్పిన మాట ఇది. "వసంత, అన్నాననుకోండి. అని ఊరుకున్నాననుకోండి. ఆ వసంతకి ఏమైందోనని మీరు నా మొహం చూస్తూ కూర్చోవాలి కదా? వినేవాళ్ళని అలా మధ్యలో వదిలెయ్యకూడదు." ఎవరి గురించి చెబుతున్నామో అది సబ్జెక్టు, వాళ్ళ గురించి చెప్పేదంతా ప్రెడికేటు అని ఆ తరువాత బోర్డు మీద రాశారు. సబ్జెక్టు కింద ఒక గీత, ప్రెడికేటు కింద రెండు గీతలు గీశారు. దానికి రెండెందుకని ఎవరో అడిగితే, బరువంతా మోసేది అదే కదా అన్నారు.

అప్పటికి ఆమెకు అరవై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. బాపట్ల వైపు నుంచి వచ్చి, ఇక్కడ ఏదో మిషన్ స్కూల్లో చాలాకాలం ఇంగ్లీషు చెప్పి, రిటైరయ్యాక అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులు తీసుకునేవారు. పంజాగుట్టలో ఒక ఇంటి వెనక పోర్షన్లో అద్దెకుండేవారు. ఆదివారం చర్చికి వెళ్ళేవారు. ఆమె గురించి వివరాలు అడిగితే నేను చెప్పగలిగింది ఇంతే. కానీ ఆమె మార్కర్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, ఇంకు ఉందో లేదో వినేవారని చెప్పగలను. పక్క గది ఏసీ చలికి ఎండాకాలంలో కూడా బూడిదరంగు స్వెటర్ వేసుకునేవారని, దాని మోచేతుల దగ్గర వేరే రంగు ఊలుతో అల్లిన మాసికలు ఉండేవని చెప్పగలను.

మా గది మైత్రీవనం వెనక సందులో, మూడో అంతస్తులో. పక్కగదిలో కంప్యూటర్ కోర్సులు నడిచేవి. మధ్యలో ప్లైవుడ్ గోడ. మేడం బోర్డు మీద రాస్తుంటే అవతల సారు గొంతు మా క్లాసంతా నిండేది. ఆమె విసుక్కునేవారు కాదు. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగే దాకా ఆగి, ఆ సందులో తన వాక్యం చెప్పేసేవారు.

నేను సనత్‌నగర్‌లో సీసా మూతలు చేసే చిన్న యూనిట్లో షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. పెళ్ళయిన ఏడాదికే నా భార్య వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. పెద్ద గొడవేమీ జరగలేదు. ఆమెకు నాతో ఉండబుద్ధి కాలేదు, అంతే. షిఫ్టు అయ్యాక గదికి వస్తే తలుపు తీసిన చప్పుడు, స్విచ్ వేసిన చప్పుడు, ఆ తరువాత ఏ చప్పుడూ ఉండేది కాదు. ప్రమోషన్ కోసం ఇంగ్లీషు నేర్చుకుంటున్నానని యూనిట్లో అందరికీ చెప్పాను. నిజానికి ఆ క్లాసులో ఎవరో ఒకరు నాతో మాట్లాడక తప్పదు. ప్రాక్టీసు కోసమైనా సరే.

మేము చేసే తప్పు అందరిదీ ఒకటే. షి గుడ్ టీచర్ అనేవాళ్ళం. మై బ్రదర్ డ్రైవర్ అనేవాళ్ళం. మేడం దిద్దేవారు కాదు. తల కొంచెం పక్కకు వంచి, ఇంకా ఏదో రావాలన్నట్టు చూస్తూ ఉండేవారు. మాకు ఈజ్ గుర్తొచ్చేదాకా అలాగే చూసేవారు. అందుకే వెనకాల అందరం ఈజ్ మేడం అనేవాళ్ళం. ఆమెకు ఆ సంగతి తెలుసు.

ఒకరోజు నాకు ఓపిక నశించి అడిగేశాను. "మేడం, గీ ఈజ్‌కు తెలుగుల అర్థం ఏంది?"

"అర్థం ఏమీ లేదు బాబూ," అన్నారు. "ఆమె టీచరు. అంతే కదా మనం అనేది? తెలుగులో రెండు మాటలు పక్కపక్కన పెడితే వాటంతట అవే కలిసిపోతాయి. ఇంగ్లీషులో కలవవు. మధ్యలో ఎవరో ఒకరు నిలబడి చెరో చెయ్యీ పట్టుకోవాలి. అది పనేమీ చెయ్యదు. తినదు, నడవదు, కొట్టదు. పట్టుకుని ఉంటుంది. దాన్నే లింకింగ్ వెర్బ్ అంటారు."

ఈజ్ ఒక్కటే కాదని, సీమ్స్, లుక్స్, ఫీల్స్, బికమ్స్ కూడా ఒక్కోసారి ఆ పనే చేస్తాయని తరువాత చెప్పారు. గుర్తుపట్టడం ఎలా అంటే కింద టిఫిన్ సెంటర్ నుంచి వచ్చే సాంబారు వాసనే ఆమెకు ఉదాహరణ. ది సాంబార్ స్మెల్స్ గుడ్ అనాలి, వెల్ అనకూడదు. వెల్ అన్నామంటే సాంబారుకి ముక్కు ఉందని, అది చక్కగా వాసన చూస్తోందని అర్థం వస్తుందనేవారు. అలా అని గరిటె పట్టుకుని మూతి ముందుకు చాపి వాసన చూస్తున్న సాంబారులా మొహం పెట్టేవారు. అందరం నవ్వేవాళ్ళం. ఆమె నవ్వేవారు కాదు. మా నవ్వు అయ్యేదాకా ఆగి, స్మెల్స్‌కు బదులు ఈజ్ పెట్టి చూడండి, అర్థం నిలబడితే అది లింకింగ్, అని చెప్పేవారు.

ప్రతి క్లాసు ఒకే ఆటతో మొదలయ్యేది. ఒక్కొక్కరూ లేచి, ఐ యామ్ అని, ఆ పక్కన ఒక మాట పెట్టాలి. పేరు చెప్పకూడదు, ఉద్యోగం చెప్పకూడదు, ఫైన్ అసలే చెప్పకూడదు. అబద్ధం చెప్పకూడదు. వినడానికి తేలికే. లేచి నిలబడితే తెలిసేది. కళ్ళద్దాల షాపులో పనిచేసే కవిత అనే అమ్మాయి రోజూ ఐ యామ్ హంగ్రీ అనేది. నేను చాలారోజులు ఐ యామ్ టయర్డ్ అని గడిపేశాను. మేడం వారం పది రోజులు ఊరుకుని, ఇంత అలసిపోయినవాడివి మూడంతస్తులు ఎక్కి రావు కదా, ఇంకో మాట వెతుక్కో అన్నారు. ఆ రోజు నోట్లోంచి లోన్లీ అనే మాట వచ్చేసింది. ఎవరూ నవ్వలేదు. మేడం ఆ మాట బోర్డు మీద రాసి, చివర లీ అని వచ్చినా ఇది యాడ్వెర్బ్ కాదు, యాడ్జెక్టివ్ అని చెప్పి, తరువాతివాళ్ళని లెమ్మన్నారు. ఆమె అంత మామూలుగా తీసుకోవడం నాకు ఎంత సాయమో ఆ రోజు చెప్పుకోలేకపోయాను. ఆ మాట అన్న తరువాత కూడా గది అలాగే ఉంది, నేనూ అలాగే ఉన్నాను.

ఒకసారి పెద్ద వాన పడింది. క్లాసుకి కవిత, నేను, ఇంకొకతను మాత్రమే వచ్చాం. మా ముగ్గురి ఆట అయిపోయింది. కవిత కూర్చోకుండా, "మేడం, రోజు మమ్మల్నే అడుగుతున్రు. గియ్యాల మీరు సుత చెప్పండి జర," అంది.

మేడం మార్కర్ మూత పెట్టారు. కిటికీ వైపు చూశారు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడం ఆమెకు తేలిక. అలా చెయ్యలేదు. చాలాసేపు ఆలోచించి, "ఐ యామ్ హియర్," అన్నారు.

కొత్తగా నేర్చుకున్న చదువు కదా, నేను ఊరుకోలేదు. హియర్ యాడ్జెక్టివ్ కాదు కదా, మరి ఇది లింకింగ్ ఎట్లయితదని అడిగాను.

"అవ్వదు," అన్నారు. "హియర్ అంటే చోటు. ఈ యామ్ నన్ను దేనితోనూ కలపట్లేదు. ఉన్నాను, అంతే."

అని వెనక్కి తిరిగి బోర్డు తుడవడం మొదలుపెట్టారు. బోర్డు మీద అప్పటికి ఏమీ రాసి లేదు.

క్లాసు అయ్యాక ఆమె అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు నడిచే వెళ్ళేవారు. మెట్రో స్తంభాల పక్కన, బండ్ల మధ్య, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, చిన్న అడుగులు వేస్తూ. నేనూ ఆమెతో నడవడం మొదలుపెట్టాను. ఆ రోదలో మాట్లాడుకోవడం కుదిరేది కాదు. దుకాణాల బోర్డుల మీద ఇంగ్లీషు తప్పు కనిపిస్తే వేలితో చూపించేవారు. నేను తల ఊపేవాణ్ణి. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర రోడ్డు దాటడానికి నా మోచెయ్యి పట్టుకుని, దాటగానే వదిలేసేవారు. ఒకరోజు నీ గది ఎటువైపు అని అడిగారు. మేము నడిచి వచ్చిన వైపే చూపించాను. ఆమె వెనక్కి తిరిగి అటు చూశారు, నన్ను చూశారు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. మర్నాడు కూడా నా కోసం మెట్ల దగ్గర ఆగారు.

తరువాత ఆ గది పోయింది. ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు కుర్రవాడే, మర్యాదస్తుడే. ఇప్పుడు గ్రామర్ ఎవరికీ అక్కర్లేదు మేడం, ఫోన్లోనే మాట్లాడటం నేర్చుకుంటున్నారు అని చెప్పి ఆ గదిని కూడా కంప్యూటర్లకు ఇచ్చేశాడు. మేడం తన పోర్షన్లోనే ముందు గదిలో క్లాసు పెట్టారు. మొదట్లో కొందరు వచ్చారు. కవిత ఉద్యోగం మారి మానేసింది. చివరికి నేనొక్కణ్ణే మిగిలాను. ఒక్కడికి క్లాసేమిటని ఆమె అనలేదు, నేనూ అనలేదు. ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళం. ఐ యామ్ ఆట ఇద్దరమే ఆడేవాళ్ళం. ఆమె వంతు వచ్చినప్పుడు వాతావరణం గురించో, మోకాళ్ళ గురించో చెప్పేవారు. ప్రమోషన్ ఇంటర్వ్యూ అయిపోయింది, ప్రమోషన్ కూడా వచ్చింది. నేను వెళ్ళడం మానలేదు.

ఒక ఉదయం ఓనరమ్మ పైనుంచి దిగి చూస్తే మేడం వంటింట్లో పడిపోయి ఉన్నారట. ఆమె ఫోన్లో చివరగా మాట్లాడింది నాతో కాబట్టి ఓనరమ్మ నాకే చేశారు. నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి కళ్ళు తెరిచి ఉన్నారు. నన్ను గుర్తుపట్టారు. కుడి చెయ్యి కదలడం లేదు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. మాటలు కూర్చే చోట దెబ్బ తగిలింది, మనం చెప్పేదంతా అర్థమవుతుంది, పేర్లు వస్తాయి, వాటిని కలిపే చిన్న చిన్న మాటలు, క్రియలు రావడం కష్టం అన్నాడు.

మర్నాడు ఒక నర్సు, మలయాళీ అమ్మాయి, ఇంగ్లీషులో మీరేం చేసేవారని ఆమెను అడిగింది. మేడం పెదవులు తడుపుకుని, "ఐ... టీచర్," అన్నారు.

అని ఆగిపోయారు. తను ఏమన్నదీ ఆమెకు వినబడింది. తల కొంచెం పక్కకు వంచి, రావలసిన మాట కోసం చూశారు. అది రాలేదు. మళ్ళీ ప్రయత్నించారు, మళ్ళీ అదే. ఆ అమ్మాయి వెరీ గుడ్ అని చెప్పి ప్రేమగా భుజం తట్టి వెళ్ళిపోయింది. మేడం నోరు గట్టిగా మూసుకున్నారు. ఆ తరువాత ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ, ఇంటికొచ్చాక చాలారోజులూ ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. మాటలు నేర్పే అమ్మాయి ఒకామె ఇంటికొచ్చి, ఇంగ్లీషు టీచరు కదా అని బొమ్మలు చూపించి ఇంగ్లీషులోనే అడిగేది. మేడం గోడవైపు తిరిగేవారు. ఆమెకు మాట పూర్తిగా పడిపోయిందని అందరూ అనుకున్నారు.

విజయవాడ నుంచి ఆమె చెల్లెలి కొడుకు వచ్చాడు. బ్యాంకులో పనిచేస్తాడు. చెడ్డవాడు కాదు. గుంటూరు దగ్గర పెద్దవాళ్ళని చూసుకునే చోటు ఒకటి ఉందని, అక్కడ ఏ లోటూ ఉండదని చెప్పాడు. పెద్దమ్మ ఒక్కతీ ఇక్కడెలా ఉంటుంది, రాత్రీ పగలూ ఎవరు చూస్తారు అని అడిగాడు. ఓనరమ్మ కూడా కిందికి దిగి వచ్చారు. ఆమె మంచం మీద కూర్చుని ఉంటే, ఆమె తలమీదుగా మేము ముగ్గురం ఆమె గురించి మాట్లాడుకున్నాం. అతను సామాన్లు ఏవి తీసుకెళ్ళాలో చూడటానికి అల్మరా తెరిచాడు. అప్పుడు మేడం ఎడమ చెయ్యి దుప్పటిని గుప్పెట్లో పట్టుకోవడం చూశాను.

వెళ్ళి మంచం పక్కన కింద కూర్చున్నాను. ఏం అనాలో ముందుగా అనుకోలేదు.

"మేడం, ఇంగ్లీషు పక్కన పెట్టున్రి," అన్నాను. "తెలుగుల చెప్పండి. తెలుగుల ఈజ్ అక్కర్లేదని మీరే చెప్పిన్రు గద."

ఆమె నావైపు చూశారు. కోప్పడతారేమో అనుకున్నాను. నోరు కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది.

"ఇది," అన్నారు. అల్మరా దగ్గర అతను తిరిగి చూశాడు. "ఇది... నా ఇల్లు."

ఆమె మళ్ళీ అన్నారు, ఈసారి తడబడకుండా. "ఇది నా ఇల్లు."

ఆ వాక్యంలో ఒక్క మాట కూడా జారిపోలేదు. బోర్డు మీద రాసి గీతలు గియ్యమంటే గియ్యొచ్చు. అతను అల్మరా తలుపు మూసి, ఆమె కాళ్ళ దగ్గర మంచం మీద కూర్చున్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "సరే పెద్దమ్మా," అన్నాడు. పగటిపూటకు ఒక ఆయాను కుదిర్చి, రాత్రిళ్ళు కాస్త చూస్తూ ఉండమని ఓనరమ్మకు చెప్పి, మర్నాడు వెళ్ళిపోయాడు. రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. ఆమె ఊఁ కొడుతూ వినేవారు.

అప్పటినుంచి ఆమె మాటలన్నీ అలాంటివే. ఎండ ఎక్కువ. చారు పులుపు. షర్టు కొత్తది. ఆయా మంచిది. రెండు మాటలు పక్కపక్కన పెట్టి ఊరుకునేవారు. ఇంగ్లీషు మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. జన్మంతా నేర్పిన భాషలో అరకొరగా మాట్లాడటం కన్నా ఆమెకు మౌనమే నయమనిపించింది. ఒకసారి పాత స్టూడెంటు ఒకతను పండ్లు తీసుకుని వచ్చి, మేడం సంతోషిస్తారని ఇంగ్లీషులో గలగలా మాట్లాడాడు. ఎక్కడా తప్పు లేదు. ఆమె నవ్వుతూ విన్నారు. అతను వెళ్ళాక గోడవైపు తిరిగి పడుకున్నారు.

నేను ఆదివారం ఆదివారం వెళ్ళేవాణ్ణి. చర్చికి వెళ్ళలేరు కాబట్టి ఆ వేళకు ఓనరమ్మ ఇంట్లో పూజ గంట వినిపిస్తుంటే ఈవిడ కింద కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. అది అయ్యేదాకా వాకిట్లో నిలబడి, తరువాత లోపలికి వెళ్ళేవాణ్ణి. కుర్చీ కిటికీ దగ్గరకు జరిపేవాణ్ణి. చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

ఒక ఆదివారం ఎట్లున్నరు మేడం అని అడిగాను. ఎప్పుడూ అడిగేదే. ఆమె ఎప్పుడూ పర్లేదన్నట్టు చెయ్యి ఊపేవారు. ఆ రోజు ఊపలేదు. చాలాసేపు వెతుక్కుని, "ఒక్కదాన్ని," అన్నారు.

ఒక్క మాట. అందులో నేను అనేది కూడా ఉంది. నాకు ఓదార్చడం రాదు. "నేనూ ఒక్కణ్ణే మేడం," అన్నాను. ఆమె తల ఊపారు. ఆయా టీ తెచ్చింది. ఇద్దరం తాగాం. వీధిలో ఎవరో బండి స్టార్ట్ చెయ్యలేక కిక్కులు కొడుతుంటే అది వింటూ కూర్చున్నాం. ఇద్దరం ఒకేచోట కూర్చున్నంత మాత్రాన ఆ మాట ఇద్దరి విషయంలోనూ అబద్ధం కాలేదు. సాయంత్రం దాకా మాత్రం ఉన్నాను.

మేడం నిద్రలోనే పోయారని, ఫోన్లో సగంలో ఆగిపోయిన ఓనరమ్మ తరువాత కుదుటపడి చెప్పారు. పనిరోజు కావడం వల్ల సమాధి కార్యక్రమానికి ఎక్కువమంది రాలేదు. పాస్టరు గారు, చర్చి పెద్దలు కొందరు, ఓనరమ్మ, ఆయా, చెల్లెలి కొడుకు, అతని భార్య. కవితకు ఫోన్ చేశాను కానీ నంబరు మారిపోయింది. ప్రార్థన అయ్యాక కుటుంబంవాళ్ళు ముందు మట్టి వెయ్యాలన్నారు. అతను వేశాడు, అతని భార్య వేసింది. ఇంకెవరున్నారని చూస్తూ ఒక పెద్దాయన నా దగ్గర ఆగాడు.

"మీరు ఆవిడకి ఏమవుతారండీ?" అని అడిగాడు.

స్టూడెంటునని చెబుదామనుకున్నాను. క్లాసు ఆగిపోయి చాలాకాలమైంది. చుట్టాన్ని కాను. వాళ్ళ చర్చివాణ్ణి కాను, ఆ వీధివాణ్ణి కూడా కాను. ఏమీ కాననే మాట నోటిదాకా వచ్చింది. చెల్లెలి కొడుకు ఇవతలికి వచ్చి, "ఆయన్ని వెయ్యనివ్వండి. మా పెద్దమ్మ ఆయనతోనే మాట్లాడేది," అన్నాడు.

పెద్దాయన పక్కకు జరిగాడు. మట్టి తడిగా, గడ్డలు గడ్డలుగా ఉంది. చేత్తో చిదిపి వేశాను.

బయటికి వచ్చేటప్పుడు అతనూ నేనూ కలిసి నడిచాం. ఇల్లు నెలాఖరుకు ఖాళీ చేస్తానని చెప్పాడు. మంచిది సర్ అన్నాను. గేటు దగ్గర కారు తాళం చేతిలో తిప్పుతూ ఆగాడు.

"ఇంక ఆదివారాలు ఏం చేస్తారు?" అని అడిగాడు.

"తెల్వదు సర్," అన్నాను.

అతను తల ఊపి కారు వైపు వెళ్ళాడు. నేను బస్టాపుకి వెళ్ళాను. రెండో షిఫ్టుకి ఇంకా టైముంది.